కంప్యూటర్‌కు సున్నాలు కొట్టిన ఏడాది

నవంబరు నెలాఖరు వచ్చిందంటే మా ఇంట్లో అందరూ నాకు కాస్త దూరంగా మసలుతారు. క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నాలు కొట్టించడం మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఇప్పుడు గోడలకు పూసేది డబ్బాల్లో వచ్చే రంగే అయినా మేం సున్నాలనే అంటాం. రంగు వేసేవాళ్ళ పని రెండు రోజులు. దానికి ముందు వారం, తర్వాత వారం ఇల్లంతా నా రాజ్యం. సామానంతా బయటికి రావాలి, దులపాలి, కడగాలి. పనికొచ్చేది మళ్ళీ లోపలికి, ఎప్పుడో పనికొస్తుందేమో అనిపించింది అటక మీదికి, దేనికీ పనికిరానిది పాతసామాను బండికి. మా ఆయన్ని ఈ మూడింటిలో ఎందులో వేయాలో ఇరవై ఆరేళ్ళుగా తేలలేదని ఆ రోజుల్లో పూటకొకసారి అంటూ ఉంటాను. ఆయన మాత్రం ఆ రెండు వారాలూ రొయ్యల గుంటల దగ్గరే గడుపుతాడు. గుంటల నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకు గ్రీజు పెట్టించాలంటాడు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆ ఏరియేటర్లకు గ్రీజు అక్కర్లేదు.

నేను తోటపల్లి గూడూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. నా గొంతు బడిలోనూ ఇంట్లోనూ ఒకే ఎత్తులో ఉంటుంది. నా రాజ్యంలో నా మాట చెల్లని మనిషి ఒక్కరే, మా అత్తమ్మ. ఎనభై దాటింది. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ బైబిలు స్త్రీగా పనిచేసింది. అంటే పల్లెపల్లెకూ నడిచిపోయి, ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని, వాక్యం చదివి వినిపించి, పాటలు నేర్పే పని. తెలిసిన పాటలన్నీ నేర్పేశాక తనే కొత్తవి కట్టేది. నడుస్తూ కట్టి, ఇంటికొచ్చి రాసుకునేది. అలా నూట పద్దెనిమిది పాటలు, నాలుగు నోటుపుస్తకాల్లో, ఆమె ట్రంకుపెట్టె అడుగున ఉండేవి.

ఆమెకొక అలవాటుంది. ఏ వస్తువునైనా ఉన్నచోటి నుంచి కదిలిస్తే అక్కడ ఒక చీటీ పెట్టాలి. వస్తువు ఎక్కడికి పోయిందో ఆ చీటీలో రాయాలి. ఎప్పుడో పాతకాలంలో తుఫానొచ్చి ఊరంతా బడిలో తలదాచుకున్నప్పుడు, ఇంట్లో సామాను ఎవరి చేతికి చిక్కింది వాళ్ళు ఎత్తిపెట్టారట. నీళ్ళు తీశాక మూడు నెలలపాటు ఆమె కళ్ళజోడు దొరకలేదు. చివరికి ఊరగాయ జాడీల వెనక, ఉప్పు కుండలో దొరికింది. అప్పటినుంచీ చీటీలే. "ఇత్తడి బిందె అటక మీద, తూర్పు మూల." "గొడుగు చర్చిలో మర్చిపోయినా." "గడియారం రిపేరుకు పోయింది." ఆ గడియారం తిరిగి రాలేదు, బాగుచేసే ఆయన దుకాణమే ఎత్తేశాడు. గోడ మీద చీటీ మాత్రం తొమ్మిదేళ్ళుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఈ చీటీలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే అప్పట్లో వాటిలో సగం నా మీదే ఉండేవి. వంటింట్లో మేకుకు "పటకారు కోడలి దగ్గర ఉంది." గూట్లో "సూదులు, దారం కోడలి దగ్గర ఉన్నాయి." వచ్చినవాళ్ళంతా చదివేవాళ్ళు. నన్ను దొంగను చేసి గోడకు అతికించినట్టుందని పుట్టింటికి పోయి ఏడ్చాను. మా అమ్మ అంతా విని, "ఆమె రాయడం మానదుగానీ, పటకారు తీసినచోట పెట్టడానికి నీకేం రోగం?" అంది. ఇక ఆ ఇంట్లో కూడా నాకు న్యాయం దొరకదని అర్థమైంది. ఒకరోజు మరీ కోపమొచ్చి, వంటింటి గోడకు నేనే ఒక చీటీ అతికించాను: "నా ఓర్పు ఇక్కడ ఉండేది. అయిపోయింది." సాయంత్రానికి దాని కింద ఆమె అక్షరాలు కనిపించాయి: "అటక మీద చూడు." నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఇద్దరికీ రాజీ కుదిరింది ఆ రోజే అనుకుంటాను, ఎవరమూ పైకి చెప్పుకోలేదు కానీ.

రెండేళ్ళ కిందట ఆ నోటుపుస్తకాలు నేనే అడిగి తీసుకున్నాను. కాగితాలు అంచులు విరిగి పొడి అవుతున్నాయి, కంప్యూటర్‌లో ఎక్కిస్తాను ఇవ్వమన్నాను. బడి నుంచి వచ్చాక రోజుకొక పాట చొప్పున మొదలుపెట్టి, పరీక్షలనీ జ్వరాలనీ నెలకు రెండు మూడుగా కొట్టాను. కొట్టేది కూడా నేను చిన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న పాతకాలపు ఫాంటులో. నాకు వచ్చింది అదే. తొందరేముందిలే అనుకున్నాను.

తొందర ఆగస్టులో వచ్చింది. అత్తమ్మ కళ్ళకు నీటికాసులని నెల్లూరు డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో చెప్పలేను అన్నాడు. అప్పటికే ఆమె బైబిలు చదవడం మానేసింది, పేపర్లో పెద్ద హెడ్డింగులు మాత్రం ముక్కుకు ఆనించుకుని చదివేది. దారిలో బస్సులో నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఆ పాటలు అచ్చులో ఎట్టుంటాయో ఒకతూరి నా కళ్ళతో చూడాలమ్మాయ్. పెద్ద పెద్ద అచ్చరాలు ఎయ్యమను. ఈ క్రిస్మస్‌కు అవుతుందా?"

అవుతుందన్నాను. చేతిలో పని సగం కూడా కాలేదు, అయినా అన్నాను. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

నెల్లూరులో ఒక ప్రెస్సు కుదిరింది. ప్రెస్సాయన నా ఫైలు చూసి పెదవి విరిచాడు. తన కొత్త మిషను పాత ఫాంటును చదవదట, ఇప్పుడు ఫోన్లలో, నెట్టులో వాడే యూనికోడు అక్షరాలే కావాలట. మళ్ళీ మొదటినుంచి కొట్టాలా అని నాకు కళ్ళు తిరిగాయి. నన్ను ఆదుకున్నది మా లెక్కల సారు. ఆయన మా బడిలో ఆరేళ్ళు పనిచేసి, నాయుడుపేట వైపు బదిలీ మీద పోబోతూ, మా ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఒక టెక్స్ట్ ఎడిటర్ పెట్టాడు. మామూలు నోట్‌ప్యాడ్ కంటే బాగా చదువుకున్న రకం. అందులో ఒక స్క్రిప్ట్ రాసిచ్చాడు. పాటల ఫోల్డరు చూపించి ఒక్క మీట నొక్కితే పాత అక్షరాలన్నీ కొత్త అక్షరాలవుతాయి. స్క్రిప్ట్ రాసింది పైథాన్ అనే భాషలో. ఆ భాష కంప్యూటర్‌కు నేరుగా రాదు, మధ్యలో ఇంటర్‌ప్రెటర్ ఒకటి ఉండాలని చెప్పాడు. అది నాకు వెంటనే అర్థమైంది. మా కన్వెన్షన్ సభలకు తమిళ ప్రసంగీకులు వచ్చినప్పుడు పక్కన ఒకాయన నిలబడి తెలుగులో తర్జుమా చేస్తుంటాడు. ఆయన రాకపోతే పెద్ద ప్రసంగీకుడు కూడా చేతులు ఊపడం తప్ప ఏమీ చేయలేడు.

అక్టోబరులో పది పాటలతో పరీక్షించాం. పూతరేకులు విప్పినట్టు పేజీలు వచ్చాయి. మిగతావి కొట్టడం, దిద్దుకోవడం పూర్తయ్యేసరికి డిసెంబరు సగమైంది. శనివారం సాయంత్రం నాలుగింటికల్లా ఫైలు అందితేనే పండక్కి పుస్తకం, లేకపోతే కొత్త సంవత్సరం క్యాలెండర్ల పని అయ్యాకే అని ప్రెస్సాయన చెప్పేశాడు.

ఆ శనివారం వాయుగుండం. బడికి సెలవిచ్చారు. గాలికి ఎక్కడో కేబులు తెగి ముందురోజు నుంచీ ఇంట్లో నెట్టు లేదు. ఫోను సిగ్నలు మేడ మెట్లలో ఐదో మెట్టు మీద మాత్రం దొరుకుతుంది. పొద్దున్నే అత్తమ్మ గోడ దగ్గరికి పోయి, క్యాలెండరుకు ముక్కు ఆనించి తేదీ చూసుకోవడం నేను చూశాను. నన్నేమీ అడగలేదు. పోయి వసారాలో తన కుర్చీలో కూర్చుంది.

టిఫిన్లు అయ్యాక ధీమాగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎడిటర్ తెరిచి, స్క్రిప్ట్ తెరిచి, ఫోల్డరు చూపించి, మీట నొక్కాను. కింద ఎర్రక్షరాల్లో ఒక ముక్క వచ్చింది. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కనబడలేదు అని దాని సారాంశం. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. మా తొమ్మిదో తరగతి పిల్లలు తప్పు జవాబును ఇంకాస్త గట్టిగా చెపితే ఒప్పవుతుందనుకుంటారు. వాళ్ళను రోజూ తిట్టే నేను ఆ మీటను పదకొండుసార్లు నొక్కాను, చివరి రెండుసార్లు పిడికిలితో.

గొడుగు పట్టుకుని ఐదో మెట్టు ఎక్కి లెక్కల సారుకు ఫోను చేశాను.

"సి డ్రైవ్ తెరిస్తే పైథాన్ అని ఫోల్డరుంటాది చూడండి మేడమ్," అన్నాడు.

దిగి, చూసి, మళ్ళీ ఎక్కాను. "లేదు సార్."

"లేకపోవడమేంది మేడమ్? నేనే గదా పెట్టినాను. అక్టోబరులో పనిచేసింది గదా."

"సి డ్రైవ్ మొత్తం వెతికించాను. లేదంటోంది."

"నెట్టుంటే రెండు నిముషాల్లో మళ్ళీ దించుకోవచ్చు. లేదంటున్నారు గదా. ఎవురన్నా తీసేసినారేమో కనుక్కోండి."

ఎవరన్నా తీసేశారేమో అన్న ఆ ముక్కతో నా కోపానికి దారి దొరికింది. మా ఇంట్లో కంప్యూటర్ ముట్టుకునేది ఇద్దరమే. నేను కాదు, కాబట్టి రెండో మనిషి. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే అందులో క్రికెట్ చూసే మనిషి. వానకు గుంటల దగ్గర నిలవలేక ఆ సమయానికి ఆయన తడిసి ఇంటికొచ్చాడు. తల తుడుచుకోనివ్వలేదు.

"మీరేం తీసేశారు దాంట్లో?"

"దేంట్లో?"

"ఏం తెలియనట్టు అడక్కండి."

"ఒసే తల్లీ, సున్నాలప్పటి నుంచి నువ్వు నన్ను ఆ గదిలోకే రానీలేదు గదా. దాని మీద తుండు ఆరేసినానని అప్పుడు నువ్వు అరిచిన అరుపుకు నేను క్రికెట్టే మానేసినాను."

మానేసినవాడికి స్కోర్లన్నీ ఎలా తెలుస్తున్నాయని అడిగాను. ఫోనులో అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన మాత్రం కష్టంలో ఉన్నానని గ్రహించి, తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టాడు. ఏరియేటరు తిరక్కపోతే ఏం చేస్తాడో అదంతా చేశాడు. ప్లగ్గులు పీకాడు, ఊదాడు, పెట్టాడు. సీపీయూను ఒక పక్కకు వంచి చెవిపెట్టి విన్నాడు. లోపల ఫ్యాను బాగానే తిరుగుతోందని ప్రకటించాడు. కంప్యూటర్ మళ్ళీ లేచింది, ఎర్రక్షరాలు మళ్ళీ వచ్చాయి.

"ప్రార్థన చేద్దామా?" అన్నాడు.

"చేద్దాం. ముందు పాపాల ఒప్పుకోలు ఉండాలి కదా. మీరు ఒప్పుకోండి."

ఆయన వంటింట్లోకి పోయి మజ్జిగ తాగాడు.

పదకొండున్నర అయింది. మిగిలిన దారి చేత్తో కొట్టడమే. ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకుని ఒక పాట కొట్టి చూశాను. ముప్పై ఐదు నిముషాలు పట్టింది. ఇంకా నూట పదిహేడు. లెక్కల సారు అక్కర్లేదు, ఆ లెక్క నాకే తెలిసింది. కోపం పోయి భయం వేసింది. వచ్చే క్రిస్మస్‌కు ఎంత పెద్ద అక్షరాలు వేసినా ఆమెకు తెల్ల కాగితమే కనపడితే? అవుతుందని నోరారా చెప్పింది నేను. రెండేళ్ళు సాగదీసింది నేను. కంప్యూటర్‌ను, మా ఆయన్ను, వాయుగుండాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను కానీ లోపల తెలుస్తూనే ఉంది.

వసారాలో నుంచి అత్తమ్మ పిలిచింది. చెవులు మాత్రం ఆమెవి చాలా పదును.

"ఏం పోయిందమ్మాయ్?"

పోయి పక్కన కూర్చున్నాను. ఇంటర్‌ప్రెటర్ గురించి ఎలా చెప్పాలో తెలియక, "పాటలు మార్చి రాయడానికి లోపల తర్జుమా చేసే ఆయన ఒకడుంటాడు అత్తమ్మా. ఆయన కనపడటంలేదు," అన్నాను.

"యాడికి పోయినాడు?"

"అదే తెలియడంలేదు."

"ఇంతకుముందు యాడ ఉండినాడు?"

"సి డ్రైవ్ అని ఉంటుంది, అందులో."

"మరి ఆడ చీటీ ఏమన్నా ఉందా?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "కంప్యూటర్‌లో చీటీలుండవు అత్తమ్మా!" అని అరిచినంత పని చేశాను.

ఆమె కుర్చీలో నా వైపు తిరిగి అడిగింది.

"సున్నాలప్పుడు అన్నం తింటా చెప్పినావు గదా, కంప్యూటర్‌కు కూడా సున్నాలు కొట్టేసినా అత్తమ్మా అని. అప్పుడేమన్నా నువ్వే ఎత్తిపెట్టినావేమో చూడు."

అంతా గుర్తొచ్చింది.

రంగు వేసేవాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు, ఇల్లంతా సర్దేశాను, ఇంకా చేతుల దురద తీరలేదు. కంప్యూటర్ కనిపించింది. తెరిచి సి డ్రైవ్‌లోకి పోయాను. నేను పెట్టనివి, పేర్లు కూడా తెలియనివి ఎన్నో ఫోల్డర్లు. మన ఇంట్లోకి ఇవన్నీ ఎవరు తెచ్చిపడేశారని చీదర వేసింది. డి డ్రైవ్‌లో కొత్త ఫోల్డరు చేసి, దానికి "అటక" అని పేరు పెట్టి, గుర్తుపట్టనివన్నీ పట్టి లాగి అందులో పడేశాను. కొన్ని కదలనన్నాయి, వదిలేశాను. ఒకదాని దగ్గర, దీన్ని కదిలించాలంటే అనుమతి కావాలి అని వచ్చింది. మా ఇంట్లో నాకు అనుమతి ఇచ్చేదెవరు? కంటిన్యూ నొక్కాను. రాత్రి భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. పరీక్ష పేపర్లు దిద్దే గొడవలో పడి మొత్తం మర్చిపోయాను.

లేచి గదిలోకి నడిచాను. మా ఆయన గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఒక్క మాట అనలేదు. ఏదన్నా అనుంటే పోట్లాడుకునేవాళ్ళం, నాకు కాస్త ఊపిరి ఆడేది.

డి డ్రైవ్ తెరిచాను. అటక తెరిచాను. చచ్చిపోయిన ప్రింటరు తాలూకు ఫైళ్ళు, ఎవరిదో పెళ్ళి వీడియో, వాటి మధ్యలో పైథాన్ ఫోల్డరు, చెక్కు చెదరకుండా. మళ్ళీ ఐదో మెట్టు ఎక్కాను.

"దొరికింది సార్. పట్టి సి డ్రైవ్‌లోకి లాగేస్తా."

"లాగబాకండి మేడమ్!" అని సారు అటువైపు కేకేశాడు. "సగంలో ఏదన్నా తెగిందంటే నెట్టు లేకుండా నేనేం చెయ్యలేను. ఉన్నచోటే ఉండనీండి. ఎడిటర్ సెట్టింగుల్లో ఇంటర్‌ప్రెటర్ అడ్రసు అని ఒక గడి ఉంటాది. పాత అడ్రసు కొట్టేసి, ఇప్పుడు యాడుందో ఆ దారి రాయండి. చాలు."

దిగొస్తుంటే, "ఏమన్నాడు?" అని అత్తమ్మ అడిగింది. చెప్పాను.

"అంటే చీటీయే గదా," అంది.

అవునత్తమ్మా అన్నాను. ఆ అవును అనడానికి నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది.

సెట్టింగుల్లో గడి దొరికింది. అందులో పాత అడ్రసు అలాగే ఉంది. పాపం ఎడిటర్ పదకొండుసార్లూ ఆ ఖాళీ గుమ్మం దగ్గరికే పోయి తలుపు కొట్టి వచ్చింది. కొత్త దారి రాశాను. మీట నొక్కాను. కనబడలేదు అని మళ్ళీ వచ్చింది. చూస్తే, నేను అటక అని రాసినచోట గడిలో అక్షరాలకు బదులు మూడు ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి. మళ్ళీ గొడుగు, మళ్ళీ మెట్లు.

"ఫోల్డరు పేరు తెలుగులో పెట్టినారా మేడమ్?" సారు గొంతులో నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. "అది పాత ఎడిటరు మేడమ్. దారిలో తెలుగుంటే దానికి తెలీదు."

నూట పద్దెనిమిది తెలుగు పాటలు మొయ్యడానికని మా ఇంటికొచ్చిన ఎడిటర్‌కు అటక అనే మాట తెలియదట! ఆ మాట సారుతోనే అన్నాను, కాస్త గట్టిగానే. తర్వాత దిగి, ఫోల్డరు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, దారి మళ్ళీ రాసి, ఈసారి పిడికిలితో కాకుండా వేలి కొసతో మీట నొక్కాను.

నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో వరసలు పరిగెత్తాయి. ఒకటి, రెండు, పదిహేను, నలభై. మా ఆయన నా కుర్చీ వెనక నిలబడి పైకే లెక్కపెట్టాడు, వేలంపాటలో లెక్కపెట్టినట్టు. నూట పద్దెనిమిది దగ్గర ఆగింది. మొదటి ఫైలు తెరిచాను. కొత్త అక్షరాలు. ఏ గుణింతమూ ఎగిరిపోలేదు. వసారాలోకి వినపడేట్టు చదివాను.

"ఉప్పునీటి ఒడ్డున నా ఊరు, నీ చూపు తప్పని నా ఊరు..."

"ఇంకాస్త గట్టిగా," అంది అత్తమ్మ. ఆమెకు బాగానే వినపడింది, నాకు తెలుసు.

రెండు దాటింది. నెట్టు లేదు కాబట్టి ఫైలు మేమే మోసుకుపోవాలి. పెన్‌డ్రైవ్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దాన్ని టిఫిన్ బాక్సులో పెట్టి, బాక్సును సంచిలో వేసి, సంచిని రెయిన్‌కోటు లోపల కడుపుకు కట్టుకుని మా ఆయన బండెక్కాను. పెళ్ళయ్యాక ఇంత జాగ్రత్తగా ఆయన్నెప్పుడూ పట్టుకోలేదు. నెల్లూరు సగం దూరం వరకూ ఆయన మాట్లాడలేదు. వాన మొహానికి కొడుతుంటే తల కాస్త వెనక్కి తిప్పి, "ఇప్పుడు ప్రార్థన చేసుకుందామా?" అన్నాడు.

"నేనే తీశాను! నాదే తప్పు!" అని ఆ వానలో అరిచాను. పక్కనే పోతున్న ఆటోలో కూర్చున్నామె తొంగిచూసింది, ఆయన నన్నేదో హింస పెడుతున్నాడని అనుకుని ఉంటుంది. ఆయన భుజాలు కదలడం చూసి నవ్వుతున్నాడని తెలుసుకున్నాను.

నాలుగింటికి పది నిముషాలుండగా ప్రెస్సు మెట్లెక్కాం. ప్రెస్సాయన టిఫిన్ బాక్సు మూత తీసి, పెన్‌డ్రైవ్‌ను రెండు వేళ్ళతో పైకెత్తి, వాసన చూశాడు.

"చేపల పులుసు పెట్టిన బాక్సా మేడమ్?"

"కడిగాను."

"కడిగినా పోదు మేడమ్," అని జాలిగా చెప్పి మిషను దగ్గరికి పోయాడు.

పండక్కి రెండు రోజుల ముందు పుస్తకాలు వచ్చాయి. అత్తమ్మ ఒకటి తీసుకుని అట్ట తడిమింది, వాసన చూసింది, పేజీ తెరిచి కంటికి ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఒక్కో అచ్చరం రొయ్యంత ఉండాది గదమ్మాయ్," అంది చివరికి.

క్రిస్మస్ ఉదయం ఆరాధనలో ఆమెను కిటికీ పక్కన, వెలుతురు పడేచోట నిలబెట్టాం. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని, వేలితో వెతుక్కుంటూ, మొదటి పాట మొదటి చరణం చదువుతూ పాడింది. ఒక్కో మాట దగ్గర ఆగింది, మేమంతా ఆగాం. చరణం అయ్యాక పుస్తకం మూసేసి చంకలో పెట్టుకుంది. "చూసినా. చాల్లే," అని నాకు మాత్రమే వినపడేట్టు అని, మిగతా పాటంతా కళ్ళు మూసుకుని గట్టిగా పాడింది. నేను ఆమెనే చూస్తూ పాడటం మర్చిపోయాను. పక్కన మా ఆయన మా ఇద్దరి వంతూ పాడాడు, అంతా అపశ్రుతిలోనే.

మర్నాడు ఆమె అడిగితే వరసగా చదివి వినిపించాను. ఇరవై ఏడో పాటలో మూడో చరణం లేదని పట్టుకుంది. నోటుపుస్తకంలో ఉంది. కొట్టేటప్పుడు నేనే దాటేశాను. ఈ నేరం కూడా ఎవరి మీదా తోయడానికి వీల్లేకుండా పోయింది. చరణాన్ని చిన్న చీటీల మీద రాసి, పుస్తకాలన్నిటిలో ఆ పేజీలో అతికించాం. రాయడం నేను, గమ్ము రాయడం మా ఆయన, అజమాయిషీ అత్తమ్మ.

కొత్త సంవత్సరం పోయాక, గుమ్మానికి కట్టిన నక్షత్రం దించిన రోజున, నోటుపుస్తకాలు తిరిగి పెట్టేద్దామని ఆమె ట్రంకుపెట్టె తెరిచాను. అత్తమ్మ వసారాలో కునుకు తీస్తోంది. దుప్పట్లు, పెళ్ళి చీర, పాత బైబిలు తీసి పక్కన పెట్టాను. అడుగున నాలుగు పుస్తకాలుండిన చోట, వాటి కొలతకే దుమ్ము లేని ఒక చదరం, దాని మధ్యలో ఒక చీటీ. రెండేళ్ళ కిందట నాకిచ్చిన రోజునే పెట్టి ఉంటుంది. కళ్ళు బాగున్నప్పటి రాత, సన్నగా, గీత గీసినంత తిన్నగా ఉంది.

"పాటలు కోడలి దగ్గర ఉన్నాయి."

అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత దుప్పట్లు, చీర, బైబిలు ఎలా ఉన్నవి అలా సర్ది, చీటీని కదిలించకుండా పెట్టె మూసేశాను. నోటుపుస్తకాలు తెచ్చి నా బీరువాలో పెట్టుకున్నాను.